జరిగిన తొవ్వ

మా మేనమామ బొగ్గుబాయిలో, అంత చీకట్లో, ఎన్నడూ దారి తప్పలేదట. రిటైరయ్యాక ఆదివారాలు మమ్మల్ని అడవిలోకి, కుంటల వెంట నడిపించేటప్పుడు మాత్రం పట్టపగలే తప్పేవాడు. ఒప్పుకునేవాడు కాదు.

ఒకసారి తామరకుంట దగ్గరికే మూడోసారి వచ్చాం. అక్కడి కొంగ మమ్మల్ని చూసి ఎగరడం కూడా మానేసింది.

"తొవ్వ తప్పిన్నని ఒప్పుకోరాదయ్యా," అంది అత్త, బురదలోంచి చెప్పు లాక్కుంటూ.

"నేను తప్పలే. తొవ్వే జరిగింది."

"జరుగుతది మరి, నిన్ను చూసి భయపడి!"

నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గని పెరిగితే మా దగ్గర దారులు నిజంగానే జరుగుతాయి. కానీ అప్పటికి ఆ కుంట దరిదాపుల్లో గనే లేదు.

మొన్న వానాకాలంలో ఆయన పోయాడు. పొద్దుగూకకముందే దహనం కావాలని అత్త ఆరాటపడింది. తీరా చూస్తే, శ్మశానం దారికి అడ్డంగా గని నుంచి తెచ్చి పోసిన కొత్త మట్టిగుట్ట ఉంది. పాడె మోసేవాళ్లు ఆగిపోయారు.

"మొన్నటిదాక ఈడనే ఉండె గద తొవ్వ!" అన్నాడొకడు.

అత్త ఏడుపు ఆపి పాడె వైపు చూసింది.

"ఈసారి నువ్వన్నదే నిజమైంది. ఇగ లేచి ముందట నడువు."

చివరికి తామరకుంట మీదుగా తిరిగి, పొద్దుండగానే చేరాం. కొంగ ఎగరలేదు.