పద్నాలుగున్నర డిగ్రీల పలక

మా వంశం వాళ్ళు కడప నవాబుల కొలువులో మువఖ్ఖిత్‌లు. సూర్యుడి ఎత్తు కొలిచి నమాజు వేళ నిర్ణయించే ఉద్యోగం అది. వాళ్ళు చెప్పందే అజాన్ లేచేది కాదు. దర్బారులో వాళ్ళకు కుర్చీ ఉండేది. 1981లో వాళ్ళ వారసుణ్ణి నేను కువైట్ సిటీ పాత సూక్ బజారులో ట్రోఫీల మీద పేర్లు చెక్కుతున్నాను.

ఒకరోజు నా కఫీల్, దుకాణం యజమాని అబూ సాలెం, నా బల్ల మీద ఇత్తడి ఆస్ట్రోలాబ్ పెట్టాడు. సూర్యుణ్ణి, నక్షత్రాలను చూసి వేళ తెలుసుకునే పాతకాలపు యంత్రం. అందులో లాటిట్యూడ్ ప్లేట్ అనే పలక ఉంటుంది. దాని గీతలు ఒక్క ఊరి అక్షాంశానికే చెల్లుతాయి. ఇలాంటి యంత్రాల మీద అరబ్బీ అక్షరాలనే అంకెలుగా రాస్తారు. పలక మీది మూడు అక్షరాలు పద్నాలుగున్నర అంటున్నాయి. అది కడప. పైన కడియానికి రాగి మేకు. ఆరేళ్ళప్పుడు నేను మేడమెట్ల మీద పడేస్తే అబ్బాజాన్ వేయించిన మేకు.

"ఇది గీకేసి కువైట్ అంకె చెక్కు. కొనేవాడు మన ఊరిదే అనుకోవాలి."

"గీతలు కడపకు గీసినవి అబూ సాలెం. అంకె మారిస్తే యంత్రం అబద్ధమాడుతుంది."

"గోడకు తగిలించేదాంట్లో వేళ ఎవడు చూస్తాడు? నీ ఇఖామా ఈ నెలతో అయిపోతుంది. నేను సంతకం పెడితేనే నువ్వు ఈ దేశంలో ఉంటావు. యల్లా, కానివ్వు."

పక్క బల్ల దగ్గర రబ్బరు ముద్రలు చేసే రాయచోటి ఖాసిం నవ్వాడు. "ఏంది నవాబు సాబ్, ఇత్తడి ముక్కకు గూడా సలాం కొడతాండావా?"

"మా ఇంటిది ఖాసిం."

ఖాసిం చేతిలోని ముద్ర కింద పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "అట్లయితే నువ్వే చెయ్. నా చేతికిస్తే గీతలు గూడా గీకేస్తాడు ఈ ఖాసిం."

ఆ పలకకు ఆధారం ఎనిమిది వందల ఏళ్ళ కిందటి ఒక ఖగోళ పండితుడి పట్టికలు. మా ఇంట్లో ఆయన్ను పేరు పెట్టి పిలవరు, ఉస్తాద్ అంటారు. ముప్పై ఏళ్ళు ఒకే మేడ మీద సూర్యుణ్ణి కొలిచి సుల్తానుకు పట్టికలు రాసిచ్చాడట. ముసలితనంలో వాటిలో ఒక తప్పు ఆయనకే కనబడింది. ఇంకెవరికీ తెలియదు. అయినా దర్బారులో నిలబడి చెప్పాడు. కొలువు పోయింది. సరిదిద్దిన పట్టికలు మిగిలాయి. అబ్బాజాన్ ఈ కథ చెప్పేటప్పుడు నిటారుగా కూర్చునేవారు.

నేను స్క్రేపర్‌తో మూడు అక్షరాలు గీకాను. గ్రేవర్ అనే సన్నటి ఉలితో కొత్తవి చెక్కాను. మరక కూడా మిగల్లేదు. అంత శుభ్రమైన పని మళ్ళీ ఎప్పుడూ చేయలేదు. అబూ సాలెం వేలితో తడిమి "ఖలాస్, అయిపోయింది" అన్నాడు. ఇఖామా రెన్యూ అయింది.

పని నేర్చిన చెయ్యి నిజాన్నీ అబద్ధాన్నీ ఒకే తీరుగా చెక్కుతుందని ఆ రోజు తెలిసింది. అప్పటినుంచి నా చేతిని నేను మెచ్చుకోలేదు.

1978లో నా వీసా కోసం అబ్బాజాన్ రెండు అమ్మారు. మసీదు పక్కనున్న మేడ, ఆ ఆస్ట్రోలాబ్.