బొటనవేలి మరక

వరంగల్ స్టేషన్ రోడ్డులోని ఆ ఫోటో స్టూడియో బోర్డు మీద ఉన్న పేరు మొగిలయ్యది. స్టూడియోకు పేరు తెచ్చిన చెయ్యి మాత్రం అతని భార్య రాజక్కది. నెగెటివ్‌ను గాజుపలక మీద పెట్టి, సన్నగా చెక్కిన పెన్సిలుతో ముఖాల మీది మచ్చలను ఆమె మాయం చేసేది. ఆమె దిద్దిన ఫోటోలు చూసి కుదిరిన సంబంధాలు ఎన్నో. తీరా పిల్లను చూశాక అలిగిన మగపెళ్లివారూ లేకపోలేదు.

1982 వేసవిలో ఆ పెన్సిలుకు కొత్త పని తగిలింది. చర్చి పెద్ద ఎల్లస్వామి ఇంట్లో పాతకాలపు చేతిరాత సువార్త ఒకటి ఉండేది. ఆయన తాత నూనెదీపం ముందు కూర్చుని నకలు రాసినది. తాకితే రాలిపోయే ఆ కాగితాలను ఆయన ఇనుప బీరువాలో పెట్టి ఎవరికీ చూపేవాడు కాదు. చర్చి బడిలో చదివిన రాజక్కకు ఆ పుస్తకం గురించి వినడమే గాని చూసే భాగ్యం కలగలేదు. అందరి కోసం రాసినదానికి తాళం వేసే హక్కు ఎవరికుందని ఆమె వాదించింది. ప్రతి పేజీకీ ఫోటో తీసి గ్రంథాలయంలో పెడదామని వెంటపడింది. చివరికి ఆయన ఒక్క పేజీకి ఒప్పుకున్నాడు. అది నచ్చితేనే మిగతావి.

మొగిలయ్య ఫోటో తీశాడు. రాజక్క తిండి ధ్యాస మరిచి పెన్సిలు పట్టింది. పురుగు తొలిచిన రంధ్రాలు పూడాయి, మూలనున్న మరక పోయింది. పేజీ నిన్ననే రాసినట్టు మెరిసింది.

స్టూడియోకు వచ్చిన ఎల్లస్వామి ప్రింటును వెలుతురుకు పట్టి చూశాడు. మెచ్చుకోలు కోసం నిలబడ్డ రాజక్కకు ఆయన ముఖం ఎందుకు వాడిపోయిందో అర్థం కాలేదు.

"గీ మూలకు మా తాత బొటనవేలు ఉండాలె. నూనె చేతితోనే పేజీ తిప్పెటోడు. యాడ వోయింది బిడ్డా?"

"మరక అనుకొని తీసేసిన, పెద్దయ్యా."

"మా తాతనే తీసేసినవు."

బీరువా తాళంచెవిని మొలకు దోపుకుని ఆయన లేచాడు. ఆయన గడప దాటితే పుస్తకం ఇక బీరువా దాటదని రాజక్కకు తెలుసు.

"జర ఆగుండ్రి. నెగెటివ్‌ను బ్లేడుతో గీకలేదు, పెన్సిలే పెట్టిన. తుడిస్తె పోతది."

ఆయనను చీకటిగదిలోకి తీసుకుపోయి, స్పిరిట్‌లో ముంచిన దూదితో నెగెటివ్ మీది తన కష్టాన్నంతా తానే తుడిచేసి, మళ్లీ ప్రింటు వేసింది. ఎర్రబల్బు వెలుగులో, మందునీళ్ల పళ్లెంలోని కాగితం మీద ముందు అక్షరాలు తేలాయి, వాటితో రంధ్రాలూ తేలాయి; చివరగా మూలన ఒక బొటనవేలు మెల్లగా కనిపించింది. ఎల్లస్వామి తన వేలిని దాని పక్కన పెట్టి చూసుకున్నాడు. మొలలోని తాళంచెవిని తీసి బల్ల మీద పెట్టాడు.

దసరా నాటికి పేజీలన్నీ మచ్చలతో సహా గ్రంథాలయం చేరాయి. ఆ సంబరంలో ఎల్లస్వామికీ ఒక ఫోటో తీశారు. ప్రింటు కోసం వచ్చిన ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నా మొఖం మీది ముడుతలు మాత్రం తీసెయ్యి బిడ్డా. గవి ఎవ్వలు సదువరు."

రాజక్క నవ్వాపుకుంటూ పెన్సిలు చెక్కసాగింది.