వినకుండా చెప్పిన వాన కబురు

నా చిన్నప్పుడు మా ఊళ్లో వాన కబురు చెప్పే ఉద్యోగం నాది. నవ్వకండి, పదేళ్ల పిల్లకు అది మామూలు హోదా కాదు. చండ్రుగొండ దాటి అడవి వైపు పోతే చివరి మిరప చేలు మావే. కృష్ణా జిల్లా నుంచి వలస వచ్చి మా తాతయ్య అక్కడ భూమి కొన్నాడు. ఆ చుట్టుపక్కల రేడియో మా ఇంట్లోనే ఉండేది. వారానికోసారి సాయంత్రం పూట, రైతుల కార్యక్రమం చివర్లో, వచ్చే వారం వాతావరణం ఎలా ఉంటుందో చెప్పేవారు. అది శ్రద్ధగా విని, ముందు మా కల్లంలోనూ, తర్వాత వాగు అవతలి గూడెంలోనూ చెప్పి రావాలి. ఆ పని తాతయ్య నాకు అప్పజెప్పాడు.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అని రోజుకు పదిసార్లు అనే మనుషులు, రేడియో వచ్చాక ఆ సామెతే మరిచిపోయారు. ఎండలు ముదురుతున్న ఆ రోజుల్లో అందరి బతుకూ నేల మీదే ఆరుతుండేది. మా మిరపకాయలు కల్లంలో, గూడెం వాళ్ల ఇప్పపువ్వు వాగు పక్కన బండ మీద. తడిస్తే మిరపకాయ రంగు పోతుంది, పువ్వు కుళ్లిపోతుంది. పోనీ, భయపడి ముందే కుప్ప చేద్దామంటే, సగం ఆరిన పువ్వు లోపల వేడెక్కి పులిసిపోతుంది. అందుకని నేను వాగు దాటి వస్తున్నానంటే గూడెం వాళ్లు చేతిలో పని ఆపేసి నా నోటి వంక చూసేవాళ్లు. అబ్బో, అప్పుడు నా నడక చూడాలి!

ఆ ఏడు శ్రీరామనవమికి తాతయ్య కల్యాణం చూడటానికి భద్రాచలం వెళ్లాడు. పోతూ పోతూ, "కబురు సరిగ్గా విని చెప్పమ్మా" అని నాకు మరీ మరీ చెప్పాడు. ఆ సాయంత్రం నేను పక్కింటి అక్కతో అష్టాచెమ్మా ఆడుతూ కూర్చున్నాను. గెలుస్తున్నాను కూడా. ఆట ముగించి ఇంట్లోకి పరుగెత్తేసరికి రేడియోలో ఏదో పాట వస్తోంది. కార్యక్రమం అయిపోయింది.

కాళ్లు కడుక్కుని తిన్నగా పడుకున్నా బాగుండేది. అంతలో వాకిట్లోకి ఇప్పపూల అవ్వ వచ్చింది. గూడెంలో బండకు దగ్గరి గుడిసె ఆమెది. మా చేలో మిరపకాయలు కోయడానికి వచ్చేది. నిండు చూలాలైన కూతురు తప్ప ఇంట్లో మరో మనిషి లేదు. అల్లుడు వెదురు కోతకు దూరం పోయాడు. ఆ బండ మీద ఆరుతున్న పువ్వే వాళ్లకు వానాకాలం తిండి. పొద్దున్నే కూతుర్ని కొత్తగూడెం దవాఖానాకు తీసుకుపోవాలి, రాత్రికి అక్కడే ఉండాల్సి వస్తుందేమో. అందుకే కబురు కోసం నేను వచ్చేదాకా ఆగలేక తనే వచ్చింది.

"రేడియో ఏమన్నది బిడ్డా? పూలు గట్లనే ఇడ్సిపోవచ్చునా?" అని అడిగింది.

వినలేదని చెప్పవచ్చు. ఆడుకుంటూ మరిచిపోయానని చెప్పవచ్చు. కానీ అంత పెద్దామె నా ముందు చేతులు కట్టుకుని నిలబడి అడుగుతుంటే, నా మొహం, నాకు పెద్దరికం తలకెక్కింది. గొంతు సవరించుకుని, రేడియో ఆయన లాగానే, "రాగల వారం రోజులు వాతావరణం పొడిగా ఉంటుంది" అన్నాను. అవ్వ ముఖం విప్పారింది. నా తల నిమిరి వెళ్లిపోయింది. అదే మాట మా కల్లంలోనూ, గూడెంలోనూ పాకింది.

మర్నాడు మధ్యాహ్నం దాకా ఎండ చిటపటలాడింది. ఆ తర్వాత అడవి మీద నల్లగా కమ్మి, గాలిదుమారం లేచి, వడగళ్లతో వాన కురిసింది. మా కల్లంలో అమ్మా, కూలీలూ పరుగుల మీద పరదాలు కప్పారు. గూడెం వాళ్లు ఎవరి పువ్వు వాళ్లు ఎత్తుకున్నారు. అవ్వ పువ్వు ఎత్తడానికి ఎవరూ లేరు. వాన వెలిశాక వెళ్లి చూస్తే బండ కడిగినట్టుంది. పువ్వంతా వాగులోకి కొట్టుకుపోయింది. బండ పగుళ్లలో మిగిలిన కాసిని పూలు చేతిలోకి తీసుకుంటే జిగటగా చితికిపోయాయి. అక్కడే కూర్చుని ఏడ్చాను.

తాతయ్య వచ్చాక ఒక విచిత్రం జరిగింది. ఊళ్లో అందరూ రేడియోనే తిడుతున్నారు. భద్రాచలంలో తాతయ్య కూడా ఆ కబురు విన్నాడట, అందులో నిజంగానే పొడి వాతావరణం అన్నారట! అంటే నేను అల్లిన అబద్ధమూ, రేడియో మాటా ఒకటే. నన్ను తప్పుబట్టేవాళ్లు ఎవరూ లేరు. హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్య తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

తాతయ్య మాత్రం నా ముఖం చూసి పట్టేశాడు. "నువ్వు విన్నావా?" అని ఒక్కటే అడిగాడు. తల అడ్డంగా ఊపాను. కొట్టలేదు, తిట్టలేదు. "రేడియో తప్పితే అది రేడియో తప్పు. నువ్వు మాత్రం వినని మాట విన్నానని చెప్పావు. పద, ఆమెకే చెబుదువుగాని" అని నా చెయ్యి పట్టుకుని వాగు దాటించాడు.

అవ్వ గుడిసె ముందు కూర్చుని ఖాళీ గంపలు బోర్లిస్తోంది. నేను ఏడుస్తూనే అంతా చెప్పాను. ఆమె విని, కోపం తెచ్చుకోలేదు. కోప్పడినా నాకు కాస్త తేలికయ్యేది.

"వానొచ్చేది ఎవలికెర్క బిడ్డా," అంది. "తెల్వదన్నా అయిపోతుండె. తెల్వదంటే, జర పూలు సూడున్రి అని పక్కింటోళ్లకు చెప్పిపోదును గదా."

ఆ మాట నాకు ఈత బరిక దెబ్బ కంటే గట్టిగా తగిలింది. నేను నిజంగా రేడియో విని చెప్పి ఉన్నా ఆ పువ్వు పోయేదే. నాకు తెలియదన్న ఒక్క మాటే దాన్ని కాపాడేది. సరిగ్గా ఆ మాటే నా నోట రాలేదు.

మర్నాటి నుంచి అవ్వతో పువ్వేరడానికి తాతయ్య నన్ను పంపాడు. తెల్లవారుతుండగానే చెట్ల కిందికి పోయేవాళ్లం. వడగళ్లకు పూత రాలిపోయింది, దొరికేది దోసెడే. రోజూ పని మొదలుపెట్టే ముందు అవ్వ గంప కింద పెట్టి, "ఇయ్యాల వానొస్తదా బిడ్డా?" అని అడిగేది. తెలియదు అనేదాకా గంప ముట్టనిచ్చేది కాదు. మొదటి రోజు ఆ మాట గొంతు దాటడానికి ఎంతసేపు పట్టిందో! అన్నాక మాత్రం, "నాకూ తెల్వదు. పా, సూద్దాం" అని నాతో పాటు తనూ తలెత్తి ఆకాశం చూసేది. తర్వాత ఇంటికొచ్చి, ఏరిన ఆ కాస్త పువ్వునూ గుడిసె చూరుకు దగ్గరగా, చేతికందేంత దూరంలో ఆరబోసేది.

మేము ఏరింది వాళ్లకు సరిపోలేదు. తాతయ్య జొన్నలు పంపితే సగమే తీసుకుంది. ఆ వానాకాలం, పురిటి నుంచి లేచిన కూతురు పసిపిల్లను వీపున కట్టుకుని, అవ్వతో కలిసి వానలో అడవి గడ్డలు తవ్వుతుంటే నా కళ్లతో చూశాను.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నా ఫోనులో వారం రోజుల వాతావరణం బొమ్మలతో సహా కనిపిస్తుంది. మిరప కల్లాల కాలం వస్తే, పెద్దదాన్నని, చదువుకున్నదాన్నని నన్నే అడుగుతారు. అప్పుడు వీపున ఉన్న పసిపిల్లే ఇప్పుడు తల నెరిసి, అదే బండ మీద పువ్వు ఆరబోస్తోంది. మొన్న వాకిట్లోకి వచ్చి, "ఈ వారం ఫోన్ల ఏమున్నది పెద్దమ్మా?" అంది. ఏడు రోజులూ సూర్యుడి బొమ్మలే ఉన్నాయి. ఉన్నదున్నట్టు చదివి చెప్పి, "ఫోను మాట ఇదమ్మా. నాకు మాత్రం తెలియదు" అన్నాను.

"అవ్, మా అమ్మమ్మ గూడ గిట్లనే అంటుండె," అని ఆమె నవ్వింది. ఆ తెలియదు ఎవరి వల్ల, ఎవరి తిండి పోయాక నాకు వచ్చిందో ఆమెకు తెలియదు. ఈ వయసులో ఇంకా దాచి ఏం చేసుకుంటాను? అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. అంతా విని ఆమె లేచి, మా పరదా ఒకటి అడిగి తీసుకుని, బండ వైపు వెళ్లింది.