ఎనిమిది పంక్తుల ఖాళీ

ఆ రోజుల్లో డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగు టైపు దొరికేది కాదు. తెలుగు సంఘం ఉగాది సంచికంతా ఎవరో ఒకరు నల్లసిరాతో రాసిస్తే, ప్రింటరు దాన్ని ఫొటో తీసి అచ్చు వేసేవాడు. ఎనభైల మొదట్లో నాలుగేళ్ళు ఆ ఎవరో ఒకరు నేనే. బళ్ళో చదివింది ఎనిమిదో తరగతి. మా ఆవిడ నర్సు కాబట్టి ఆవిడ వెంట ఈ దేశం వచ్చి, కారు విడిభాగాల గోడౌన్‌లో పనిచేసేవాణ్ణి. డాక్టర్ల కవితలూ, ఇంజనీర్ల భార్యల వంటకాలూ నా దస్తూరీలోనే అందరికీ చేరేవి. ఆ దస్తూరీ చూసే అందరూ నన్ను మాస్టారూ అనేవాళ్ళు.

నాలుగో ఏడు నా వ్యాసం కూడా ఒకటి ఇచ్చాను. కంపెనీ దొరల కాలంలో మద్రాసులో ఉన్న ఒక తెలుగు వర్తకుడి గురించి. తండ్రి ఇచ్చిన బట్టల వ్యాపారం బాగా సాగుతుండగా ఆయన పత్రిక పెట్టాడు, లండన్ పార్లమెంటుకు అర్జీలు పంపాడు, చివరికి గవర్నరు సభలో కూర్చున్నాడు. శిస్తు కట్టలేని రైతును ఎండలో వంచి నిలబెట్టి వీపు మీద బండ పెడుతున్నారని, లండన్ నుంచి వచ్చిన దొరను ఊళ్ళు తిప్పి మరీ చూపించాడు. యూనివర్సిటీ లైబ్రరీలో నిఘంటువు పక్కన పెట్టుకుని, రెండు చలికాలాల శనివారాలు చదివి రాశాను.

సంచిక కమిటీ, పక్క ఊరు ట్రాయ్‌లో, సంఘం ప్రెసిడెంటు డాక్టరుగారి బేస్‌మెంట్‌లో కూర్చుంది. ఆయన అప్పటికే ఎనిమిది పంక్తులకు ఎర్రగీత పెట్టి ఉంచారు. ఆ బండలు ఎత్తి పెట్టింది తెల్లవాళ్ళు కాదు, మన తాసీల్దార్లూ వాళ్ళ బంట్రోతులూ అని చెప్పే పంక్తులు.

“మాస్టారూ, ఆర్టికల్ ఎక్సలెంట్. ఈ పోర్షన్ మాత్రం డ్రాప్ చేద్దామండీ. మనవాళ్ళే మనవాళ్ళని టార్చర్ చేశారని ఇక్కడ చెప్పుకోవడం దేనికి? ఉగాదికి మేయర్ వస్తున్నాడు.”

“మేయర్‌కి తెలుగు వచ్చాండీ?”

“ఇంగ్లీష్ సమ్మరీ వేస్తున్నాం కదా.”

ట్రెజరరు నవ్వాడు. “ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఎంత వేస్తాం మాస్టారూ, చిటికెడే కదా.”

“నేనూ చిటికెడే వేశానయ్యా. మీరు అదీ ఏరేస్తున్నారు.”

“దొరల్ని తిట్టింది ఉంచుతున్నాం కదండీ,” అన్నారు డాక్టరుగారు.

దొరలు వెళ్ళిపోయాక దొరల్ని తిట్టడానికి ధైర్యం దేనికి? ఆ వర్తకుడు రోజూ బజార్లో ఎదురుపడే మన ఉద్యోగుల సంగతి ఎత్తాడు. ఆయన గొప్పంతా అక్కడే ఉంది. ఇదంతా చెప్పాను. ఈలోగా పకోడీలు వచ్చాయి. చేతులెత్తమంటే, ఏడుగురిలో నా వైపు నా చెయ్యొక్కటే లేచింది.

కలం నా దగ్గరే ఉంది కాబట్టి గుట్టుగా రాసేయొచ్చు. కానీ సంతకం పెట్టి అర్జీలు పంపిన మనిషి గురించి దొంగచాటుగా రాయడమేమిటి? ఆ పంక్తులు రాయలేదు. వాటి జాగా మాత్రం మూయలేదు. తెల్లగా వదిలేసి, కింద మిగతాది రాసిచ్చాను. ఎవరైనా ఇదేమిటని అడుగుతారు, అప్పుడు చెప్పొచ్చు అనుకున్నాను.

ఉగాదినాడు హైస్కూలు హాల్లో సంచిక పంచారు. ఖాళీలో చీరల దుకాణం ప్రకటన. భోజనాల లైన్లో నా ముందున్న కొత్తపెళ్ళికూతురు ఆ పేజీ చూపించింది.

“అంకుల్, ఈ షాపు వాళ్ళ తాతగారా ఈయన? వీళ్ళకి మద్రాసులో కూడా బ్రాంచి ఉందా?”

కోపం రావలసింది. అదీ రాలేదు, అంత అలసిపోయి ఉన్నాను. “కాదమ్మా, ఇక్కడ వేరే ఎనిమిది పంక్తులు ఉండాలి,” అని మొదలుపెట్టాను. తాసీల్దారు దాకా వచ్చేసరికి వెనకవాళ్ళు కదలమన్నారు. ఆ పిల్ల ప్లేటు తీసుకుని పులిహోర దగ్గరికి వెళ్ళింది.

మరుసటి ఏడు సంచిక రాసిపెట్టమని డాక్టరుగారు ఫోన్ చేశారు. ఆ ఎనిమిది పంక్తులు వేస్తానంటే రాసిస్తానన్నాను. కమిటీలో డిస్కస్ చేసి చెప్తామన్నారు. సంచిక ఇంకెవరి దస్తూరీతోనో వచ్చింది.