రెండు గంటల దారికి మూడు రోజుల మంచు

మద్రాసు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి పదమూడు వందల పైచిలుకు కిలోమీటర్లు, విమానంలో రెండు గంటలు. బళ్ళో దూరాలూ కాలాలూ లెక్కలు చెప్పే టీచర్ని కదా, ఈ మాట అమ్మకి అరిచి మరీ చెప్పాను. వింటేగా! మందుల షాపు మెట్ల మీద కూర్చుని థర్మోకోల్ పెట్టె నిండా మంచు దట్టిస్తూనే ఉంది.

నా ఆరేళ్ళ కూతురు అప్పుడు పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో ఉంది. దానికి కావలసిన ఇంజెక్షన్ ఆ రోజుల్లో మా దీవుల్లో దొరకలేదు. బిడ్డ దగ్గర మా ఆయన్ని ఉంచి నేనూ అమ్మా మద్రాసు వచ్చాం. మర్నాడు మధ్యాహ్నంలోగా మందు పడి తీరాలన్నాడు డాక్టరు. అది వేడెక్కకూడదు, గడ్డ కట్టనూకూడదు అన్నాడు షాపతను.

అమ్మ పోర్ట్ బ్లెయిర్‌లోని బతు బస్తీలో ముప్పై ఏళ్ళు చేపలమ్మిన మనిషి. పదేళ్ళ పిల్లగా విశాఖ నుంచి ఓడలో మూడు రోజులు ప్రయాణం చేసి మా దీవులకొచ్చింది. ఆవిడ లెక్కలో ఆ సముద్రం దాటడమంటే ఎప్పటికీ మూడు రోజులే. మందు సీసాని కాగితంలో చుట్టి, తువ్వాలు మడతల్లో పెట్టి, మంచు మధ్యలో దింపింది.

"సేపకైతే మంచు తగలాల. దీనికి తగల్రాదు. ఉప్పు కూడా ఎయ్యకూడదు, గడ్డకట్టేస్తాది," అంది.

"రెండు గంటలకి ఇంత బరువెందుకే?"

"నోర్ముయ్యి. మోసేది నాను కదేటి!"

ఆ పెట్టెని చంకనెత్తుకుని ఆవిడ విమానమెక్కుతుంటే అందరూ చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

రెండు గంటలకి కిటికీలోంచి మా దీవి కనబడింది కూడా. ఇంతలో గాలీ వానా. విమానం రెండు చుట్లు తిరిగి, దిగలేక మళ్ళీ మద్రాసుకే వచ్చేసింది. ఇక మర్నాడు పొద్దున్నేనట.

విమానాశ్రయం బెంచీ మీద కూర్చుని, మంచు ఉందో లేదోనని మూత తియ్యబోయాను. అమ్మ చేతి మీద ఫట్‌మని కొట్టింది. "తెరిస్తే ఏడిగాలి దూరతాది. నువ్వు సూస్తే మంచు పెరుగుతాదేటి?"

కూల్‌డ్రింకుల కొట్టు ఫ్రిజ్‌లో పెడదామని బతిమాలాను. "ఆ భయ్యా దాన్ని నిమిషానికోపాలి తెరుస్తన్నాడు. ఒద్దు!" అంది. తన దుప్పటి పెట్టెకి కప్పి, తను కొంగు కప్పుకుని కూర్చుంది.

మర్నాడు విమానం దిగింది. ఆసుపత్రిలో నర్సు మూత తీస్తుంటే నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూద్దును కదా, సగానికి పైగా మంచు అలాగే ఉంది! సీసా పొడిగా, చల్లగా ఉంది. "దీదీ, ఇది ఎవరు ప్యాక్ చేశారు?" అని నర్సు అడిగితే అమ్మని చూపించాను. నా బడి లెక్కలన్నీ ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టెయ్యాలనిపించింది.

సూది పడగానే పాప గుక్కపట్టి ఏడ్చింది. అమ్మ ఒక మంచుముక్క తీసి, కొంగులో చుట్టి, దాని జబ్బకి అద్దింది. "అయిపోనాది తల్లీ, అయిపోనాది."

అప్పుడు నా వైపు తిరిగింది.

"నువ్వెందుకే ఏడుస్తన్నావు? ఇంకా రెండు రోజుల మంచుంది కదేటి."