లీవు వచ్చిందా అని అడిగినామె

నేను దయ్యాల్ని నమ్మే మనిషిని కాదు. ముప్పై ఏళ్ళకు పైగా నేవీలో చేశాను. ఓడలో ఏదో తిరుగుతోందని కుర్రాళ్ళు భయపడితే, ఎగతాళి చేసి పనికి తరిమింది నేనే.

రిటైరయ్యేనాటికి మాస్టర్ చీఫ్‌ని. అంటే ఆఫీసర్లకీ సెయిలర్లకీ మధ్య మనిషిని. కుర్రాళ్ళ లీవులూ తగాదాలూ ఇంటి కష్టాలూ ముందు నా దగ్గరికే వచ్చేవి. నేను సరేనంటేనే పైకి వెళ్ళేవి.

మాది నూజివీడు. మామిడికాయ కోతకొచ్చే రోజుల్లో మా వైపు కుర్రాళ్ళ అమ్మలకి ఉన్నట్టుండి జబ్బు చేస్తుంది. ఆ వయసులో నేనూ అలా లీవు కొట్టేసినవాణ్ణే. అందుకే మా ఓడలో పనిచేసే కుర్రాడు, మా పక్కనే చాట్రాయి దగ్గరి ప్రభుదాసు మే నెలలో అమ్మకి బాలేదని కాగితం పట్టుకొస్తే నవ్వొచ్చింది. వాడు తాడిని తన్నేవాడైతే నేను వాడి తల తన్నేవాణ్ణనుకున్నాను.

"బాలేనిది అమ్మకా, తోటకా?" అని కాగితం తిరిగిచ్చేశాను.

గదిలో మేమిద్దరమే ఉన్నాం. అతను తల దించుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు ఓడ కదిలింది. మేం తిరిగొచ్చేసరికి వాళ్ళమ్మని సమాధి చేసి వారమైంది.

ప్రభుదాసు నన్నొక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది. చాలా రోజులు నాకు అన్నం సయించలేదు.

రిటైరయ్యాక, అతను ఇంటికొచ్చాడని తెలిసి క్షమాపణ అడగడానికి బయల్దేరాను. పొద్దున పదిగంటలైంది. వాళ్ళ ఊరి ముందు తోటలో ఒకామె రాలిన కాయలు ఏరుతోంది. దారి అడుగుదామని బండి ఆపాను.

"మా వాడికి లీవు వచ్చిందాండీ?" అందామె.

నేను తెల్లబోయాను.

"బాలేనిది తోటకి కాదండీ, నాకే" అంది. కోపంగా కాదు, సర్దిచెబుతున్నట్టు.

బండి స్టార్ట్ చేసుకుని ఊళ్ళోకి, వాళ్ళింటికి వెళ్ళిపోయాను.

ప్రభుదాసుకి అంతా చెప్పి, ఆ రోజు నేనన్న మాట ఎవరికైనా చెప్పావా అని అడిగాను.

"లేదు సార్. అమ్మ బాధపడుద్దని ఫోన్లో కూడా చెప్పలేదు. ఇంకెవరికి చెబుతాను?"

ఆమె ఎలా ఉందని అతను అడగలేదు. "మీరేమన్నారు సార్?" అన్నాడు.

ఏమీ అనలేదన్నాను.

అతను ఏడ్చేశాడు. "వచ్చిందని చెప్పాల్సింది సార్."

ఇద్దరం తోటకి పరిగెత్తాం. ఎవరూ లేరు. పొద్దుటి నుంచీ కాయలేరడానికి ఎవరూ రాలేదని కాపలా మనిషి చెప్పాడు.

తర్వాత ఆ దారిన చాలాసార్లు వెళ్ళాను. ఆమె ఎవరో, ఆ మాట ఆమెకెలా తెలిసిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. చెప్పాల్సిన జవాబు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.