తలుపు మీది ఖురూజ్

సౌదీలోని రాబిగ్ క్యాంపులో మా కడప వెల్డర్ భోజనాల గదిలోంచి వెళ్ళేటప్పుడల్లా తలుపు మీది అరబ్బీ బోర్డును పైకి చదివేవాడు: "ఖురూజ్!" అంటే బయటికి దారి. దేశం వదిలి వెళ్ళడానికి మా కఫీల్, అంటే మమ్మల్ని పనికి రప్పించిన యజమాని, ఇవ్వాల్సిన అనుమతి పేరూ అదే. గుమ్మం దాటి, "వచ్చేసింది సార్, నా ఖురూజ్!" అని నవ్వేవాడు.

ఒప్పందం ముగిసి ఏడాదైనా ఆ అనుమతి కోసం అతను పెట్టుకున్న అర్జీ ఆఫీసు గుమాస్తానైన నా సొరుగులోనే ఉంది. కఫీల్ ముందు పెట్టడానికి నాకు భయం. నా పాస్‌పోర్టూ ఆయన బీరువాలోనే ఉంది మరి.

ఒక మధ్యాహ్నం టీవీలో అమెరికా చట్టసభ విచారణ చూపిస్తున్నారు. వలస కూలీలకు సంకెళ్ళెందుకు వేశారని సభ్యులు ఒక అధికారిని నిలదీస్తున్నారు.

"ఏం జెప్తాండాడు సార్ ఆయప్ప?"

"గుర్తులేదంటున్నాడు."

"గుర్తులేదని జెప్పేదానికైనా వచ్చి కూచున్నాడు గదా! మన కఫీల్‌ను అట్ల అడిగేవాళ్ళెవురు?" అని, నా వైపు తిరిగాడు. "నా అర్జీ ఆయన కాడికి పోయిందా సార్?"

"గుర్తులేదు," అన్నాను.

అతను కంచం కడుక్కుని తలుపు దాకా వెళ్ళాడు. ఆ రోజు బోర్డు చదవలేదు. తలుపు తెరిచి పట్టుకుని, పక్కకు జరిగి నిలబడ్డాడు.

"ముందు మీరు పోండి సార్."